పావు తక్కువ మూడు

ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే ఊరికి బస్సు నడిపిన మనిషికి ఆ ఊరు ఎంత తెలియాలి? ఆయనకు బస్టాండు తెలుసు. అందులో టీ కొట్టు, మరుగుదొడ్డి, రిజిస్టరులో సంతకం పెట్టే కిటికీ తెలుసు. అంతే. ఉదయం తొమ్మిదింపావుకు బండి చేరాలి, ఎనిమిది నిమిషాల్లో మళ్ళీ కదలాలి. ఆ కాస్తలో టీ తాగుతాడా, ఊరు తిరుగుతాడా?

అయితే ఆయన భార్యకు తెలిసిన కథ వేరు. పెళ్ళైన కొత్తలో, ఆ రూటు వేసిన మొదటిరోజు, ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "ఊరు భలే ఉందే. బస్టాండు వెనక వాలు వీధి, చివర్లో నది" అన్నాడు. ఆవిడ దర్జీకొట్టు చొక్కాలకు కాజాలు కుడుతోంది. సూది ఆపి, "నది దాకా వెళ్ళొచ్చారా?" అంది. ఆ మొహంలో వెలుగు చూశాక, "లేదు, సీట్లో కూర్చుని పక్క అద్దంలో చూశా" అనడానికి నోరు రాలేదు.

"ఊఁ" అన్నాడు.

ఆ ఒక్క "ఊఁ" తర్వాత తర్వాత కొమ్మలేసి, పూతపూసి, కాయలు కూడా కాసింది. పొద్దస్తమానం వంచిన తల ఎత్తకుండా కుట్టే మనిషికి సాయంత్రం కాసేపు ఏదైనా చెప్పాలిగా! వీధిలో కుడిచేతివైపు నీలం బాల్కనీ ఉందనీ, అక్కడొక పెద్దావిడ రోజూ దుప్పట్లు దులుపుతుందనీ చెప్పేవాడు. గంట స్తంభం మీద గడియారం మాత్రం ఏనాడో ఆగిపోయింది, ఎప్పుడు చూసినా పావు తక్కువ మూడే చూపిస్తుంది అనేవాడు. ఆవిడ పగలబడి నవ్వేది. "ఆ ఊళ్ళోవాళ్ళు అన్నం ఎప్పుడు తింటారండీ?" అనేది. ఆ మాట ఇంట్లో స్థిరపడిపోయింది. కుళాయి చెడితే "కుళాయి పావు తక్కువ మూడైంది." ఆదివారం ఆయన మంచం దిగకపోతే "ఏమండోయ్, ఇంకా పావు తక్కువ మూడేనా?"

ఇరుగుపొరుగుతో మాత్రం, "మా ఆయన నోట అబద్ధం రాదు" అనేది. అది విన్నప్పుడల్లా ఆయనకు తేలు కుట్టిన దొంగ పరిస్థితే.

రిటైరైన మర్నాడే ఆవిడ అడిగింది. "ఇప్పుడు తీసుకెళ్ళండి."

మోకాళ్ళన్నాడు, వానన్నాడు, వానలు వెళ్ళాక ఎండన్నాడు. మూడు నెలలు గడిచాయి. చివరికి ఒక ఉదయం ఆవిడ అన్నం డబ్బా సర్ది, చేతిసంచీ తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. ఇక తప్పలేదు.

అదే బస్సు. నడిపేవాడు ఈయన దగ్గర బండి నేర్చుకున్న శిష్యుడు. ప్రతి మలుపులో ఈయన కాలు గాలిలో బ్రేకు తొక్కుతూనే ఉంది. "బండి ఆ అబ్బాయి నడుపుతున్నాడండీ, మీరు కాదు" అంది ఆవిడ.

దిగీ దిగగానే ఆవిడ తలెత్తింది. "ఏమండీ! గడియారం తొమ్మిదింపావు చూపిస్తోంది!"

గడియారం మీద అంకెల్లేవు, గీతలే ఉన్నాయి. ముళ్ళు మాత్రం నిక్షేపంగా తిరుగుతున్నాయి. "బాగు చేయించుంటారు" అన్నాడు.

వీధిలోకి మళ్ళారు. కుడివైపంతా ఏదో గిడ్డంగి గోడ. బాల్కనీ లేదు. ఎడమవైపు ఉంది, నీలంగా, దుప్పట్లతో సహా.

"కుడి అన్నారుగా?"

"నది దగ్గర్నుంచి వచ్చేటప్పుడు కుడే కదే!"

"ఓహో" అంది. ఆ "ఓహో"లో ఆయనకు పోలీసు స్టేషను కనపడింది.

గంట స్తంభం కింద వాచీల కొట్టు ఉంది. ముసలాయన కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు. ఆవిడ ఆగి, "పై గడియారం ఎప్పుడు బాగు చేశారండీ?" అనడిగింది.

ముసలాయనకు రోషం పొడుచుకొచ్చింది. "ఆగితే కదమ్మా బాగు చేయడానికి! నలభై ఏళ్ళుగా కీ ఇస్తున్నది నేనే. ఆగిందని ఏ పెద్దమనిషి చెప్పాడు?"

పెద్దమనిషి చెప్పుల వంక చూసుకుంటున్నాడు. ఆవిడ సంచీ సర్దుకుని ముందుకు నడిచింది. పెళ్ళాం తిడితే బతకొచ్చు, ఇలా నోరు మూసుకుంటేనే భయం.

వీధి చివర నది వచ్చింది. అక్కడ ఆయన నటించడం మర్చిపోయాడు. అద్దంలో అది అరచేతి వెడల్పు మెరుపు. ఇక్కడ అవతలి ఒడ్డు కానరానంత నీళ్ళు, గట్టుకు కొట్టుకుంటూ చప్పుడు చేస్తున్నాయి. అద్దం ఏనాడూ ఈ చప్పుడు వినిపించలేదు. చెప్పులు విడిచి మెట్లు దిగి నీళ్ళలో కాలుపెట్టి, "అబ్బో!" అని ఎగిరాడు.

ఆవిడ నదిని చూడటం లేదు, ఆయన్ని చూస్తోంది.

"ఇంత చల్లగా ఉంటాయని ఎప్పుడూ చెప్పలేదే?"

"మర్చిపోయా."

పడవెక్కారు. మెట్ల మీద కూర్చుని డబ్బా తిన్నారు. చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచాడు. మూడుసార్లూ ముద్ద పెట్టుకున్నాడు.

సాయంత్రం బస్టాండులో శిష్యుడు ఎదురొచ్చాడు. "అమ్మా, గురువుగారి సీట్లో ఒక్కసారి కూర్చోండి, ఫోటో తీస్తా." ఆయన వద్దనేలోపే ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి ఎక్కేసింది. ఫోటో అయింది. దిగబోతూ పక్క అద్దంలోకి చూసి ఆగిపోయింది.

అందులో వాలు వీధి ఉంది. కుడివైపు నీలం బాల్కనీ ఉంది. చివర్లో మెరుపు ఉంది. గంట స్తంభం మీద ఆరూ ఇరవై అయింది. కిటికీలోంచి తల తిప్పి చూసింది. ఆరుకి ఇరవై తక్కువ. మళ్ళీ అద్దం, మళ్ళీ కిటికీ.

"ఒక్కసారైనా దిగారా అండీ?"

కింద కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. "టీకి. తలొంచుకుని కొట్టులోకి, మళ్ళీ సీట్లోకి."

"నది దాకా?"

"లేదే. మొదటిరోజు నీ మొహం చూసి 'ఊఁ' అనేశాను. తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాను."

ఆవిడ పెదాలు కదులుతున్నాయి. కాజాలు లెక్కపెట్టేటప్పుడూ అలాగే కదులుతాయి. "తొమ్మిదింపావు ఈ అద్దంలో ఎంతవుతుంది?"

ఆయన గాలిలో వేలితో ముళ్ళు గీశాడు, తిప్పి గీశాడు. నోరు తెరుచుకుంది. "పావు తక్కువ మూడు! ఓర్నాయనో... నాకు తట్టనే లేదే!"

"రోజూ అంతే ఉండేదా?"

"బండెక్కిన ప్రతిరోజూ."

"వానలో? పొగమంచులో?"

"అంతే."

అప్పుడు ఆ నవ్వు వచ్చింది, ఆ కుళాయి చెడినప్పటి నవ్వు, సీటు ఊగిపోయేంత. "ఒక్కరోజు ఐదు నిమిషాలు లేటుగా వచ్చున్నా ముళ్ళు జరిగేవి, మీ బండారం ఆ రోజే బయటపడేది! అబద్ధం దాచడానికి కూడా ఇంత టైము పాటించాలా అండీ?"

"అబద్ధానికి కాదే, డ్యూటీకి..."

"తెలుసులెండి. ఎక్కండి."

బస్సు కదిలింది. కిటికీ సీటు ఆయనకిచ్చింది. ఊరు దాటాక అడిగింది. "ఈసారి బాల్కనీ వెనక సందులోకి వెళ్దాం. అక్కడేముంటుంది?"

అలవాటుగా మొదలుపెట్టబోయాడు. ఆగాడు.

"తెలీదే" అన్నాడు.

"హమ్మయ్య" అని ఆవిడ ఆయన భుజం మీద తల వాల్చింది.