జేబంత గడ్డ

మా టైలరు బావ చేతికొచ్చిన గుడ్డని వదిలే రకం కాదు. ఊపిరాడనంత పని ఉన్నా "ఇచ్చి వెళ్లండమ్మా, చూద్దాం" అంటాడు. అలాంటి మనిషి మొన్న సోమవారం ఒక్కొక్కళ్లకీ ఫోను చేసి, కత్తెర పెట్టని గుడ్డలన్నీ తిరిగిచ్చేస్తున్నాడు! ఆ షాపులో గుండీలు కుట్టేది నేనే కదా, ఏమైందోనని లోపలికెళ్లా.

చూద్దును కదా, ఖాకీ కాగితం ఆరంగుళాలకి నాలుగంగుళాలు కత్తిరించి, అద్దం ముందు మెడకి ఆనించుకుంటున్నాడు.

"ఏంటి బావా, కొత్త రకం కాలరా?"

"కాలరు కాదే, గడ్డ. జేబంత ఉందంట. లోపలికి పెరిగినట్టుంది."

మెడకి స్కాను తీయించుకుని, రిపోర్టు మూడు రోజులుగా మిషను సొరుగులో దాచాడు. డాక్టరు ఏమంటుందోనని భయం. ఇంగ్లీషులో ఆయనకొచ్చింది అంకెలే. ఆరు, నాలుగు కనపడ్డాయి. కొలతంటే ఆయనకి అంగుళాలే మరి!

నేనూరుకుంటానా? అక్కని పిలిచా. వస్తూనే మొగుణ్ణి దులిపేసింది.

"పక్కన కూర్చుని అన్నం తింటూ ఒక్క మాట చెప్పలేదే! నోట్లో గుండుసూదులున్నాయా?"

ఫోనులో అడిగింది చెప్పే ఏఐ ఉంటుంది కదా, రిపోర్టు ఫోటో తీసి దానికి పెట్టింది. "మాలాంటివాళ్లకి అర్థమయ్యేలా చెప్పు. మా ఆయన టైలరు" అంది.

అది పైకే చదివింది. "థైరాయిడ్ గ్రంథిలో చిన్న గడ్డ ఉంది. ఆరు మిల్లీమీటర్లు పొడవు, నాలుగు వెడల్పు. చొక్కా గుండీలో సగం అనుకోండి. అనుమానించాల్సిన గుర్తులేవీ కనపడలేదని రాశారు. అయినా నేను డాక్టర్ని కాదు, ఒకసారి డాక్టరుకి చూపించండి."

బావ గుండీ ఒకటి తీసి, సగం దాకా గోరు పెట్టి చూసుకున్నాడు. "ఇంతేనా?"

"ఇంతే. మెడలో జేబు పెట్టుకుని ఎవడన్నా తిరుగుతాడా?" అంది అక్క.

ఆయన నవ్వలేదు. "ఫోను తప్పు చెబితే?"

అదీ నిజమే. ఆ సాయంత్రమే అక్క ఆయన రెక్క పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది, వెనకాలే నేను. ఆవిడ రిపోర్టంతా చదివి, మెడ తడిమి చూసింది.

"ఫోను సరిగ్గానే చెప్పింది. మందూ వద్దు, కోతా వద్దు. ఏడాది తర్వాత మళ్లీ స్కాను తీసి చూద్దాం."

"ఆ ఏడాది మాట అది చెప్పలేదే!" అన్నాడు బావ.

"మరి నేనెందుకున్నానయ్యా?" అని నవ్వింది.

తిరుగు బస్సెక్కాం. బావ అక్క భుజమ్మీద తల వాల్చి గురక మొదలెట్టాడు. మూడు రోజుల నిద్ర బాకీ మరి! మా స్టాపొచ్చింది, నేను లేవబోయా. అక్క కళ్లతోనే కూర్చోమంది. ఆఖరి స్టాపు దాకా వెళ్లి, అదే బస్సులో వెనక్కొచ్చాం.