చింతపండుతో తోమిన తూటాలు

నా చిన్నప్పుడు నేను చేసిన ఘనకార్యాల్లో దీన్ని మించింది లేదు. పన్నెండేళ్లు నిండకముందే రైఫిల్ తూటాలను పాత ఇత్తడి కింద తూకానికి కొని, చింతపండుతో తోమి తళతళలాడించి, కొత్త సరుకని చెప్పి సొంత మేనమామకే అమ్మేశాను. చిత్తూరు బజారు వీధిలో మాది పాత్రల అంగడి. బేరమాడటంలో మా పాపను మించిన పిల్ల ఈ వీధిలోనే లేదని మా నాయన వచ్చేపోయే వాళ్లందరితో చెప్పుకునేవాడు. ఆ మాట నా తలకెక్కినంత బాగా ఎక్కాలు కూడా ఎక్కలేదు.

ఇత్తడిని చూడటానికి మా ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. పాత బిందె వస్తే వేలి కణుపుతో కొట్టి మోత వింటాం. తూకం వేస్తాం. నల్లబడి ఉంటే చింతపండు, ఇటుక పొడి పట్టించి తోమి మళ్లీ అమ్ముతాం. మెరిస్తే మంచిది, మెరవకపోతే ఇంకొంచెం తోమాలి. అంతకు మించిన శాస్త్రం మాకు ఎప్పుడూ అవసరం పడలేదు.

దసరా సెలవుల్లో ఒకరోజు మా నాయన దీపపు కుందెలు ఇచ్చి రావడానికి కాణిపాకం వెళ్లాడు. గద్దె మీద నేనే కూర్చున్నాను. పల్లె నుంచి ఒక పెద్దామె పాత గుడ్డ మూట తెచ్చి విప్పింది. లోపల నల్లబడి, అక్కడక్కడ పచ్చగా చిలుము పట్టిన పద్నాలుగు తూటాలు.

"మా మామ పటాలంలో చేసినాడు పాపా. ఆయనకు లైసెన్సు తుపాకీ ఉండె. పోయి ఆరేండ్లాయె. తుపాకీ అప్పుడే స్టేషన్లో ఇచ్చేస్తిమి. ఇవి మొన్న గొడ్ల కొట్టం అటక మింద దొరికినాయి. ఇత్తడే కదా, తీసుకో" అంది.

గొడ్ల కొట్టం అన్న మాట నేను బాగా విన్నాను. విని, దాన్ని నాకు కావలసినట్టు వాడుకున్నాను. "పేడలో పడుండిన ఇత్తడికి ఆ రేటు యాడ పలుకుతాది? పైగా లోపల సీసం ఉండాది. సీసానికి ఇత్తడి రేటు ఎవురిస్తారు?" అన్నాను. ఆమె నా మొహం వంక చూసి, "నీ నోరు సల్లగుండ! కట్టుకున్నోడు ఎట్ల ఏగుతాడో" అని నవ్వి, నేనిచ్చింది కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

కొన్నది కరిగించడానికి కాదు. బంగారుపాళ్యం దగ్గర మా చిన్నమామకు మామిడితోపు, దాని పక్కన రెండెకరాల వేరుశనగ చేను ఉండేవి. అడవిపందులు రాత్రికి రాత్రి చేను తవ్వి పోసేవి. మామకు పంట కాపలాకని లైసెన్సు రైఫిల్ ఉంది, కానీ మందుగుండు అంగడిలో ఆ నెల సరుకు రాలేదు. వచ్చినప్పుడల్లా అదే బాధ చెప్పుకునేవాడు. పెద్దామె తెచ్చినవి ఆ రైఫిల్‌కు సరిపడే కొలతవేనని నాకు చూడగానే తెలిసింది. వాడేసిన ఖాళీ గొట్టాలతో మామ వాళ్లింట్లో మేము ఆడుకునేవాళ్లం మరి.

పెరట్లో చింతపండు నీళ్లలో ఆ పద్నాలుగింటినీ మధ్యాహ్నమంతా నానబెట్టి, ఇటుక పొడితో రుద్దాను. పెళ్లి కలశాల్లా తయారయ్యాయి. రెండు రోజులకు మామ వచ్చాడు. పెరట్లోకి పిలిచి చూపించాను.

"యాడివే కోడలా ఇవి?"

"అవన్నీ నీకెందుకు మామా? సరుకు సూడు."

లైసెన్సు పుస్తకంలో ఎక్కని తూటాలు కొనకూడదని ఆయనకు తెలుసు. కానీ అంతకు ముందు రాత్రే పందులు నాలుగు సాళ్లు తినిపోయాయట. చేతిలో తిప్పి తిప్పి చూసి, మెరుపు చూసి మెత్తబడ్డాడు. పదమూడు అమ్మాను. ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను.

మామ బస్సెక్కి గంట కాలేదు, నాకు కాలు నిలవడం మానేసింది. భయం కాదు, పాపభీతి అంతకంటే కాదు. తక్కువకు అమ్మేశానేమో అన్న దిగులు. గడప దాకా వెళ్లడం, వెనక్కి రావడం, తక్కెడ తుడవడం, మళ్లీ గడప దాకా వెళ్లడం. చివరికి ఆ ఒక్క తూటా పరికిణీ మడతలో దాచుకుని ఎదురంగడికి వెళ్లాను. అక్కడ తుపాకులు మరమ్మతు చేసే సాయిబు తాత ఉండేవాడు. తండ్రి నాటి నుంచి అదే పని. వీధి మొత్తం మీద నాతో బేరమాడి గెలిచింది ఆయనొక్కడే.

"తాతా, దీని ధరెంత?" అన్నాను.

ఆయన ధర చెప్పలేదు. తూటాను వెలుతురుకు పట్టి, భూతద్దం కన్నుకు ఆనించి, సన్నని సూదితో మెడ దగ్గర గీరాడు. నేను రుద్దిన ఇటుక పొడి ఎర్రగా రాలింది. దాని అడుగున వెంట్రుకంత గీత.

"ఎవురు తోమినారు?"

"నేనే. చింతపండుతో."

"నానబెట్టినావా?"

"మధ్యాహ్నమంతా."

"అంతకు ముందర ఇది యాడ ఉండె?"

గొడ్ల కొట్టం అటక మీదని, తెచ్చిన పెద్దామె తానే చెప్పిందన్నాను. ఆయన భూతద్దం కింద పెట్టేశాడు. "అమ్మీ, గొడ్ల ఉచ్చ ఘాటు ఏండ్ల తరబడి తగిల్తే ఇత్తడి పగుల్తాది. వానాకాలంలో మరీ. పటాలంలో గుర్రాల కొట్టం పక్కన పెట్టిన తూటాలు ఇట్లే పగిలేవని మా అబ్బాజాన్ చెప్పేవాడు. తూటా పేలినప్పుడు ఈ గొట్టం ఉబ్బి, నిప్పుగాలి వెనక్కి రాకుండా తలుపు మాదిర మూస్తాది. పగిలిన తలుపు ఏం మూస్తాది? కాల్చేవోడి మొగానికే వస్తాది. పైన నువ్వు నీళ్లు తాపినావు. మందు చెమ్మబారితే ఎప్పుడు పేల్తాదో, పేల్దో దానికే తెలీదు."

తరువాత మెల్లగా అడిగాడు. "మిగతావి?"

లేవని చెప్పబోయాను. చివరికి మామ పేరు, ఆయన అడిగినా ఎక్కడివో దాచిన సంగతీ చెప్పేశాను.

ఆయన అప్పటికప్పుడే అంగడి తలుపులు వేశాడు. మా నాయన దగ్గరికి వచ్చి, "మీ బామ్మర్ది తుపాకీ పని ఉండాది సెట్టీ. పాపను తోడు తీసుకపోతా, దావ తెలుసు కదా" అన్నాడు. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. నా దొంగబేరం మాత్రం బయటపడలేదు.

ఆ బస్సు ప్రయాణం అంత పొడవైనది మళ్లీ నా జీవితంలో లేదు. చెట్టుకొకసారి ఆగింది. ఒకచోట డ్రైవరు దిగి టీ తాగాడు. పొద్దు వాలేలోగా మామ గురి సరిచూసుకుంటాడని నాకు తెలుసు, ఎప్పుడూ అదే అలవాటు. సాయిబు తాత మొహం దావ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఒక్క దెబ్బ కొట్టినా బాగుండుననిపించింది. కిటికీ చువ్వను రెండు చేతులా పట్టుకుని బస్సును నేనే ముందుకు తోస్తున్నట్టు కూర్చున్నాను.

దిగి మామిడితోపు దాటుతుండగా ఢామ్మని వినిపించింది. పరిగెత్తాను. డెబ్బై ఏళ్ల ముసలాయన నాకంటే ముందు పరిగెత్తాడు.

మామ చేని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కుడి కన్ను మూసుకుని తువ్వాలుతో అద్దుకుంటున్నాడు. చెంప మీద నల్లటి మరక. అయినా ఊరుకున్నాడా? పొగ తగిలిందిలే అనుకుని రెండో తూటా ఎక్కించి మీట నొక్కాడు. టక్కుమంది గానీ పేలలేదు. ఎందుకు పేలలేదో చూద్దామని, తూటాను బయటికి లాగే గడియ మీద చెయ్యి వేసి ఉన్నాడు.

"తియ్యబాక!" సాయిబు తాత అరిచిన అరుపుకు తోపులో పక్షులు లేచాయి. "గడియ ముట్టుకోబాక! తుపాకీ నోరు ఆ మట్టి గట్టుకేసి పెట్టు. కదలబాకప్పా!"

మామ తుపాకీ నోరు గట్టుకేసి తిప్పి, కూర్చున్నచోటే బొమ్మలా ఉండిపోయాడు. మందు చెమ్మగా ఉంటే లోపల నిప్పు రవ్వ కాసేపు రాజుకుని, గడియ తీసిన క్షణంలో పేలవచ్చని తాత మెల్లగా చెబుతూనే దగ్గరికి వెళ్లాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. అంకెలు లెక్కపెడుతున్నాడో, అల్లాను తలుచుకుంటున్నాడో నాకు తెలియలేదు. నేను మాత్రం మామ రెండో కన్నునే చూస్తూ నిలబడ్డాను. ఎంతో సేపటికి, మామను పక్కకు జరిపి, తాను మొహం తిప్పుకుని, చెయ్యి చాచి గడియ తీశాడు. తూటా మెత్తగా గడ్డిలో పడింది.

మామ కోపంగా ఏదో అనబోయి, "తళతళమని ఉండెనే సరుకు!" అన్నాడు.

"మీ కోడలు బాగనే తోమింది లేప్పా. ఇంగ కొంచెం తోమింటే నీ మొగం గూడా తళతళలాడిండేది" అంటూ తాత ఆయన కన్ను మీద మంచినీళ్లు పోశాడు. మామకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

అప్పుడు తాత గట్టు మీద వెతికి మొదటి తూటా గొట్టాన్ని తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. మెడ నుంచి సగం దాకా చీలి ఉంది. ఆ చీలిక వెంబడి నా గోరు పెట్టించి, కింది నుంచి పైకి నడిపించాడు. "కన్నుతో సూసేది కాదు అమ్మీ ఇత్తడంటే. అది ఇన్నాళ్లు యాడ పడుండిందో అడగాల. నువ్వు అడక్కుండానే ఆమె చెప్పె. మీ మామ అడిగితే నువ్వు చెప్పలేదు" అన్నాడు. గొంతు ఒక్క మెట్టు కూడా పెంచలేదు. తిరుగు బస్సులో ఇంకొక్క మాట అన్నాడు. "మీ నాయనకు నేను చెప్పను. రేపు అంగడి తెరిచే లోపల నువ్వే చెప్పు."

చెప్పాను. మా నాయన కొట్టలేదు. ఆ రోజు నుంచి వీధిలో నా బేరాల గురించి గొప్పలు చెప్పుకోవడం మానేశాడు, అంతే. మిగిలిన తూటాలన్నీ మూటగట్టి, మామను, పల్లెలో వాకబు చేసి కనుక్కున్న ఆ పెద్దామెను, నన్ను వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లి, జరిగింది జరిగినట్టు అర్జీ రాయించి అప్పగించాడు.

ఇప్పుడు నాకు తిరుచానూరులో పూజా సామాను అంగడి ఉంది. పాత సరుకు ఏది వచ్చినా, తూకం వేయకముందే అది ఎక్కడ ఉండేదని అడుగుతాను. చీలిక ఉంటే కొనేవాళ్ల వేలు పట్టుకుని దాని మీద పెట్టిస్తాను. దానివల్ల పోయిన బేరాలకు లెక్కలేదు. మొన్నీమధ్య ఒక కుర్రాడు, వాళ్ల తాత పెట్టెలో దొరికాయని నాలుగు తూటాలు తెచ్చి, అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి మెరుగు పెట్టివ్వమన్నాడు. నేను ముట్టుకోలేదు. తోమొద్దు, ఎండలో పెట్టొద్దు, కదలకుండా పెట్టి స్టేషన్‌కు ఫోన్ చెయ్యమన్నాను. ముసలమ్మకు చాదస్తం అనుకుని ఉంటాడు.

బేరం బేరమే కాబట్టి చివరి లెక్క కూడా చెబుతాను. నాకు వచ్చిన లాభం పదకొండు రూపాయలు. మా నాయన అసలుతో సహా మామకు తిరిగి ఇచ్చేశాడు. పెద్దామెకు ఒకరోజు కూలి పోయింది. సాయిబు తాతకు ఆ పూటంతా అంగడి మూత, రెండు బస్సు టిక్కెట్లు. మామకు లైసెన్సు ఏడాది ఆగిపోయింది, ఆ ఏడు చేను పందుల పాలైంది, కుడి కన్నుకు పట్టిన మసక ఆయన చనిపోయేదాకా విడవలేదు. ఎవరెవరికి ఎంత పోయిందో ఎన్నిసార్లు కూడినా ఒకటే తేలుతుంది. ఆ బేరంలో ఏమీ పోగొట్టుకోనిది నేనొక్కదాన్నే.