ఆఖరి అరగంట

అమెరికాలోని పిస్కాటవే ఊళ్లో మేం నలుగురు అమ్మాయిలం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఒక శనివారం ఇంటర్నెట్ ఆగిపోయింది. కనెక్షన్ నా పేరు మీద ఉంది కాబట్టి కంపెనీకి ఫోన్ చేశాను. మా ఇంటి నుంచి ఎవరో కొత్త సినిమాలు దొంగతనంగా డౌన్‌లోడ్ చేస్తున్నారని ఫిర్యాదులు వచ్చాయట, అందుకే కట్ చేశారట. అవతల మనిషిని లైన్‌లో ఉంచి ముగ్గురు రూమ్మేట్లనీ కడిగేశాను. "నేను కాదే" అని ముగ్గురూ ఒట్టేశారు.

ఇంతలో కింది ఇంటి ఆంటీ వచ్చింది. ఆవిడకు మా వైఫై ఇచ్చాం. ఆవిడ మాకు ఆదివారాలు పప్పూ పులుసూ ఇచ్చేది. అది ఎంత అలవాటైపోయిందంటే, ఆవిడ సంగతే నాకు తట్టలేదు.

గోంగూర పచ్చడి గిన్నె నా చేతిలో పెట్టి, "నెట్ రావట్లేదేంటమ్మా? వారానికో కొత్త సినిమా ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకుంటున్నా. ఇవాళ్టిది మధ్యలో ఆగిపోయింది" అంది.

రూమ్మేట్లు ముగ్గురూ నావైపే చూశారు. గోంగూర వాసనకు నా కోపం సగం చచ్చింది. ఫోన్‌లో ఉన్నాయనకు తప్పు నాదేనని, ఇంకెప్పుడూ జరగదని చెప్పుకున్నాను.

ఆంటీ నా భుజం తట్టింది. "ఇంకో అరగంటే మిగిలిందని చెప్పమ్మా. అది చూశాక కట్ చేసుకోమను."