ఏ మంత్రం నొక్కినా

ఆవిడ ఉద్యోగమంతా పోస్టాఫీసు వెనక గదిలో, ఉత్తరాలు సార్టింగ్ చేస్తూనే గడిచింది. రిటైరయ్యాక పక్షవాతం కాస్త తగిలి వదిలింది. కుడిచేతి వేళ్లు మొద్దుబారాయి. వేళ్లకి ఏదో ఒక పని చెబుతూ ఉండమని డాక్టరు అంటే, కోడలు వీడియో గేమ్ కంట్రోలర్ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇందులో మీరు మంత్రగత్తె, అత్తయ్యా. రాక్షసులొస్తారు. మంత్రం ఎంచుకుని ఈ బటన్ నొక్కడమే."

మొదట ఆవిడకి నవ్వొచ్చింది. తర్వాత పిచ్చి పట్టుకుంది. ప్రతి గుహలో ఓ కొత్త మంత్రం దొరికేది. నిప్పు, పిడుగు, గాయం మాన్పేది, తలుపు తెరిచేది, ఆఖరికి ఎందుకూ కొరగాని సీతాకోకచిలుకల మంత్రం కూడా. చూస్తుండగానే జాబితా ఆంజనేయుడి తోకలా పెరిగింది. రాక్షసుడు మీద పడుతుంటే ఈవిడ మంత్రం వెతుక్కుంటూ ఉండేది. ఎన్నిసార్లు చచ్చిందో లెక్కలేదు. ఒకరోజైతే ఇక ఆడనని పక్కన పడేసింది కూడా.

చిందరవందర ఆవిడకి కొత్తా? కళ్లజోడు తుడుచుకుని కూర్చుని, సంచిలోంచి బోర్లించిన ఉత్తరాల్ని గళ్లల్లోకి పంచినట్టు మంత్రాల్ని పంచింది. ప్రాణం మీదికొచ్చినప్పుడు కావాల్సినవి పైన. దూరాన్నుంచి కొట్టేవి వాటి కింద. ఒకే పని చేసేవి రెండుంటే బలం తక్కువది తీసేసింది. సీతాకోకచిలుకల్ని మాత్రం తీసేయబుద్ధి కాక అట్టడుగున ఉంచుకుంది.

ఆ మర్నాటి నుంచి ఓటమన్నది లేదు. "అమ్మా, నువ్వు మామూలుదానివి కాదు" అనేవాడు కొడుకు. చెల్లెలికి ఫోన్ చేసి, "అంతా వరస పెట్టుకోవడంలోనే ఉందే" అని గొప్పలు పోయేది. "నీ బుర్రే బుర్ర అక్కా" అనేది చెల్లెలు.

ఒక సాయంత్రం మంచు రాక్షసుడు ఎదురయ్యాడు. ఎలాగూ గెలుస్తాననే ధీమాతో, సరదాకి సీతాకోకచిలుకల మంత్రం నొక్కింది. తెర మీద నిప్పు భగ్గుమంది. తలుపు తెరిచేది నొక్కింది. మళ్లీ నిప్పే. గాయం మాన్పేది నొక్కింది. రాక్షసుడు కాలి కుప్పకూలాడు.

కూరగాయలు తరుగుతున్న కోడల్ని పిలిచింది. "దీనికేమైందో చూడమ్మా. నేనొకటి నొక్కితే ఇంకోటి పోతోంది."

కోడలి మొహం పాలిపోయింది. "మంత్రాన్ని గేమే ఎంచుకునేలా పెట్టాను అత్తయ్యా. మీరేది నొక్కినా సరైనదే వెళ్తుంది."

"ఎప్పుడు పెట్టావు?"

"మీరు జాబితా సర్దిన రోజే. అంతకుముందు ఓడిపోయి ఓడిపోయి, ఇక ఆడనని పక్కన పడేశారు కదా. చెయ్యి కదలకపోతే కష్టమని డాక్టరు..."

"మరి నేను సర్దిందంతా?"

కోడలు తడిచేతులు కొంగుకి తుడుచుకుంది.

"అబ్బాయికి తెలుసా?"

తెలుసన్నట్టు తలూపింది.

"మా చెల్లెలికి?"

"చిన్నత్తయ్యకీ చెప్పాం. మీరు ఫోన్లో చెబుతుంటే నవ్వొద్దని."

చెయ్యి పడిపోయిన రోజు కూడా ఆవిడ ఇంత చిన్నబోలేదు. కొడుకు పొగడ్త, చెల్లెలి మెచ్చుకోలు, అన్నీ ముందే అనుకుని అన్న మాటలు. ఇంటిల్లిపాదీ ఒకటై, తనొక్కతే పిచ్చిమాలోకంలా సంబరపడింది.

"తీసెయ్యి" అంది.

"మీ మంచికే అత్తయ్యా..."

"చచ్చుబడింది నా వేళ్లమ్మా, బుర్ర కాదు. తీసెయ్యి."

కోడలు తీసేసింది. కొత్త మంచు రాక్షసుడి చేతిలో ఆవిడ ఓడిపోయింది. మళ్లీ ఓడింది. నిప్పు ఎక్కడుందో కళ్లు వెంటనే పట్టుకుంటున్నాయి, వేలే సమయానికి అందడం లేదు. నిప్పుని ఇంకో మెట్టు పైకి జరిపింది. చెల్లెలు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోనిచ్చింది. కొడుకు పక్కన చేరి, "కోపమొచ్చిందా అమ్మా?" అంటే, "టీవీకి అడ్డం లేవరా" అంది.

కొన్నాళ్లకి గెలిచింది. ఎవరూ లేనప్పుడు, తన వేలితో, తను పెట్టుకున్న వరసలోంచి. ఎవరికైనా చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలులో నిజమెంతో ఆవిడకిక తెలిసే దారి లేదు.

ఇంటికొచ్చిన కోడలు చెప్పులు విడుస్తూ, "ఈరోజేమైంది అత్తయ్యా?" అనడిగింది.

"ఏముందమ్మా, ఆడాను" అని టీవీ కట్టేసింది.