దేవరగట్టు అవతలికి వదినతో

మా ఆయన గుండె ఆపరేషన్ అయి క్షేమంగా ఇంటికొస్తే, చెప్పుల్లేకుండా దేవరగట్టు కొండ దాటి అక్కడి గుడికొస్తానని మొక్కుకుంది మా వదిన, అంటే ఆయన అక్క. "బతికించింది డాక్టర్లు కదా వదినా?" అని వేళాకోళమాడాను. అయినా షుగరున్న మనిషిని అడవిలోకి ఒంటరిగా పంపలేక వెంట బయలుదేరాను.

తెల్లవారక ముందే ఎమ్మిగనూరులో తొలి బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకు టికెట్టు డబ్బులు అక్కర్లేదు, ఆధార్ చూపిస్తే చాలు. ఆదోనిలో దిగి బొరుగుల ఉగ్గాని తిన్నాం. టీలో చక్కెర వద్దని గట్టిగా చెప్పిన వదిన, నా పళ్ళెంలోని మిరపకాయ బజ్జీని మాత్రం వదల్లేదు. అక్కడే నీళ్ళ సీసాలు నింపుకోండి, గట్టు మీద చుక్క దొరకదు.

ఎండ ముదరకముందే హొళగుంద బస్సు మమ్మల్ని గట్టు దగ్గర దింపింది.

"గుడికి దారి ఈ పక్క ఉండాది గదమ్మా?" అన్నాడు కండక్టరు, మేం వెనకవైపుకు తిరగడం చూసి.

"మేం ఎనక అడివిలోంచి ఎక్కి, ఈ పక్కకు దిగుతామప్పా" అంది వదిన.

దారి సన్నం. సీతాఫలం చెట్లు, తుమ్మలు, కాలి కింద జారే గులకరాళ్ళు. బూట్లేసుకున్న నేను రొప్పుతుంటే వదిన నింపాదిగా ముందు నడిచింది. శిఖరం మీద గాలి హాయిగా ఉంది. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తిని కాసేపు నడుం వాల్చాం.

దిగుదల మొదట్లోనే ఒక రాతి మీద రక్తం చూశాను. వదిన అరికాల్లో తుమ్మముల్లు. షుగరు కాలు, ఆమెకు తెలియనే లేదు. మా వీధిలో ఒకాయన ఇలాంటి గాయంతోనే పాదం పోగొట్టుకున్నాడు. ముల్లు తీసి, కడిగి, గుడ్డ కట్టి నా బూట్లు ముందుంచాను.

"వద్దు సుజాతా. మొక్కు చెడి వానికేమన్నా అయితే?"

"మిగతాది నేను చెప్పుల్లేకుండా నడిస్తే?"

ఆమె తేల్చుకోలేకపోయింది. మేకలు తోలుకొస్తున్న ముసలాయనకు మొక్కు సంగతి చెప్పి, తమ్ముడి పెళ్ళాం నడిస్తే చెల్లుతుందా అని అడిగింది.

"ఆయప్ప పెండ్లామే గదా! మా పక్కల ఒకరికి శాతగాకుంటే ఇంట్లో ఇంగొకరు నడుస్తారు. పోండమ్మా" అన్నాడాయన.

ఒక సైజు పెద్దవి కొన్న నా బూట్లు వదినకు సరిపోయాయి. మధ్యాహ్నపు రాళ్ళు పెనంలా కాలాయి. "పైలం, పైలం" అని జాగ్రత్త చెబుతూ వదిన నా భుజం పట్టుకుని దిగింది. గుడిలో టెంకాయ నా చేతే కొట్టించింది.

ఆదోనిలో వదినకు ఇంజెక్షను వేయించి, పొద్దుగూకే వేళ ఎమ్మిగనూరు బస్సెక్కాం. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నా మాట ఒకటే: కొండ చిన్నదని తేలిగ్గా తీసుకోకండి.

సీటు దొరికి కూర్చోగానే మా ఆయన ఫోను. "యాడుండారు? తిన్నారా?"

ఆస్పత్రిలో అన్ని రోజులూ ఒక్కసారైనా ఏడవని నాకు, ఆ గొంతు వినగానే ఏడుపు ఆగలేదు. బస్సంతా చూస్తోంది.

వదిన ఫోను లాక్కుంది. "ఏం కాలేదురా. కాళ్ళు బొబ్బలెక్కినాయి, అంతే" అని, నా పాదాలను తన ఒడిలోకి తీసుకుంది.