ద్వాళి ముసుగు, నీలి పన్ను

మంగీలాల్ పట్కారు పట్టుకొచ్చేసరికి నీలిని ట్రాక్టర్ ట్రాలీకి కట్టేసి ఉంచారు.

తొర్రూరు దగ్గరి లంబాడీ తండా అది. నీలికి ముప్పై ఎనిమిదేళ్లు. మొగుడు భోజ్యా హైదరాబాద్‌లో కూలి చేస్తాడు, ఆమె ఇక్కడ మిరపకాయలు ఏరుతుంది. రెండేళ్ల కింద మోకాళ్లు పట్టేస్తే అత్త ద్వాళి తాను వాడే మాత్రలే ఆమె చేతిలో పెట్టింది. ఓ ఆర్‌ఎంపీ ఇచ్చే చిన్న తెల్ల మాత్రలు.

"ఏస్కో బిడ్డా, లేడి లెక్క ఉరుకుతవ్."

నిజంగానే ఉరికింది. నొప్పి పోయింది. ఆకలి పెరిగింది, మొహం ఉబ్బింది. ఆ తర్వాత గడ్డం మీద, పైపెదవి మీద నల్లటి వెంట్రుకలు మొలిచాయి.

మొదట్లో మరిది మంగీలాల్ నవ్వేవాడు. "ఏం వదినె, నా బ్లేడు కావాల్నా?" అంటే నీలి చెప్పు చూపించేది. ఇంతలో అతని సూడి బర్రె చచ్చింది. వారం తిరక్కముందే రెండోదీ పడిపోయింది. అంతే, నవ్వు పోయి మీసమున్న ఆడది డాకణి, చేతబడి చేసిందన్న మాట తండా అంతా పాకింది. డాకణి ముందరి నాలుగు పళ్లు పీకేస్తే మంత్రం నోట తిరగదట. పొద్దస్తమానం సెల్‌ఫోన్లో ప్రపంచాన్ని చూసే మంగీలాల్ కూడా అదే నమ్మాడు.

"జర చూసి కానియ్, పానం పోవద్దు," అన్నాడు తండా పెద్ద తుల్సీరాం, మంచం మీద కూర్చుని బీడీ ముట్టించుకుంటూ.

ఇద్దరు మగవాళ్లు తల అదిమిపట్టారు. పట్కారు బిగిసింది. మంగీలాల్ మెలితిప్పాడు. ఎముక విరిగినట్టు చప్పుడై పన్ను ఊడొచ్చింది. నీలి అరుపుకు గొర్రెలు బెదిరి చెదిరాయి. నోట్లో నిండిన నెత్తురును ఆమె అతని మొహాన ఉమ్మింది. అతను చెంప పగలగొట్టాడు.

"ఇంకా మూడున్నయ్!"

అప్పుడు ద్వాళి చెంబు పట్టుకుని వచ్చింది, ఎప్పటిలాగే రొమ్ముల దాకా ముసుగు దించుకుని. "గుక్కెడు నీళ్లన్న తాగనియ్‌రా," అంది.

ఆ ముసుగు కింద ఏముందో తండాలో తెలిసింది నీలికి ఒక్కదానికే. వారానికోసారి తలుపు మూసి, వేళ్లకు బూడిద రాసుకుని, అత్త గడ్డం మీది వెంట్రుకలు పీకేది తనే. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టింది. పదిమందిలో అత్త ముసుగు తీసిన కోడలికి ఆ తండాలో గింజ పుట్టదు.

పట్కారు మళ్లీ దగ్గరికొచ్చింది. నీలి మంగీలాల్ వేలు కొరికింది. అతను కెవ్వున వెనక్కి పోయాడు. పెనుగులాటలో వదులైన ఎడమ చేతిని లాక్కుని అత్త ముసుగు పట్టి ఒక్క గుంజు గుంజింది. చెంబు దొర్లిపోయింది.

"చూడుర్రి! మీసం ఉంటే డాకణేనా? అయితే మొదలు మీ అమ్మయి పీకు మంగ్యా! ఇద్దరం గవ్వే మాత్రలు మింగినం!"

వారం నాటి గరుకు వెంట్రుకలు, సగం నెరిసినవి, ఎండలో అందరికీ కనిపించాయి. ద్వాళి రెండు చేతులా మొహం కప్పుకుని కూలబడింది. మంగీలాల్ చేతిలో పట్కారు అట్లనే ఉండిపోయింది. తుల్సీరాం బీడీ నలిపేశాడు.

"ఇప్పుర్రా ఆమెను."

తెల్లారి అత్తాకోడళ్లిద్దరూ మహబూబాబాద్ దవాఖానలో ఉన్నారు. దారంతా ద్వాళి ముసుగు దించుకునే కూర్చుంది. డాక్టరమ్మ మాత్రల అట్ట చూసి తిట్టింది.

"ఇవి స్టెరాయిడ్లు. ఏండ్లకేండ్లు మింగితే మొహం ఉబ్బుతది, వెంట్రుకలొస్తయి. ఒక్కపారే ఆపొద్దు, నేను చెప్పినట్టు తగ్గించాలె. కొందరికి అండాశయాల తేడాతోని, గ్రంథుల జబ్బుతోని గూడ వస్తయి, అందుకే పరీక్షలు చేద్దాం. మంత్రాలతోని మాత్రం ఎవ్వరికీ రావు." నీలి వాచిన మూతి వైపు తిరిగింది. "పన్నెట్ల పోయింది?"

"బాయి కాడ జారి..." నీలి నసిగింది.

ద్వాళి తన ముసుగు తానే తీసేసింది.

"జారలే. నా చిన్న కొడుకు పీకిండు. పేరు మంగీలాల్. రాసుకో బిడ్డా."