రోజూనా, ఇప్పుడా?

జమునకు తెలుగు రెండో భాష. పెద్దవూర దగ్గరి తండాలో పుట్టింది కాబట్టి తల్లి భూలి మాట్లాడే లంబాడీయే ఆమెకు మొదట వచ్చింది. మూడో తరగతిలో ఆశ్రమ పాఠశాలలో వేసిన రోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర "పాణి" అని అడిగితే, వరుసలో కూర్చున్న పిల్లలంతా నవ్వారు. వడ్డించే ఆమె కూడా నవ్వి, నీళ్లు పోసింది. ఆ తర్వాత దాదాపు ఏడాది పాటు జమున అవసరమైతే తప్ప నోరు విప్పలేదు. మాటలను లోపలే పేర్చుకుని, తప్పు లేదని నమ్మకం కుదిరాకే బయటికి అనేది. అలా నేర్చిన తెలుగు ఎంత పక్కాగా వచ్చిందంటే, నల్లగొండలో టీచర్ ట్రైనింగ్ చదివేటప్పుడు వ్యాసరచనలో మొదటి బహుమతి ఆమెకే వచ్చింది.

ఆ ట్రైనింగ్‌లోనే సువర్ణ, శ్రీలత పరిచయమయ్యారు. ముగ్గురిదీ ఒకే గది. సువర్ణది నిడమనూరు, నవ్వు మొదలుపెడితే ఆపుకోలేని మనిషి. శ్రీలతది కోదాడ. తండ్రి పాస్టరు. చిన్నప్పుడు మిషన్ బడిలో చదివింది గనుక ఆమెకు ఇంగ్లీషంటే బెరుకు లేదు.

పద్దెనిమిదేళ్లు గడిచాయి. జమున లైన్‌మన్ ఫూల్‌సింగ్‌ను పెళ్లి చేసుకుని సూర్యాపేటలో ఉంటూ, గరిడేపల్లి మండలంలోని ఒక ఊరి ప్రాథమిక పాఠశాలకు రోజూ బస్సులో వెళ్లి వస్తోంది. శ్రీలతకు కోదాడలోనే సర్కారు ఉద్యోగం. సువర్ణకు మాత్రం ఆ ఉద్యోగం రెండు మార్కుల్లో తప్పింది. మిర్యాలగూడలో రైస్ మిల్లు సూపర్‌వైజర్ శ్యాంసుందర్‌తో పెళ్లయి, అక్కడే ఒక చిన్న ప్రైవేటు బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దిస్తోంది.

సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం వచ్చిన రెండో ఏడు, జమున క్లాసుకు ఒక అధికారి వచ్చాడు. వచ్చీ రాగానే ఇంగ్లీషులో, ఈ పాఠం వల్ల పిల్లలకు ఏం వచ్చిందో చెప్పమన్నాడు. జమునకు జవాబు తెలుసు. మాటలు ఒకటొకటిగా లోపల పేర్చుకుంటూనే ఉంది, అవి పెదవుల దాకా వచ్చేసరికి ఆయన రిజిస్టరు తిరగేసి వెళ్లిపోయాడు. ముప్పై మంది పిల్లలు ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయారు.

ఆ సాయంత్రం శ్రీలతకు ఫోన్ చేసి ఏడ్చింది.

"దానికేముందే," అంది శ్రీలత. "రోజూ మాట్లాడితే అదే వస్తుంది. సువర్ణని కూడా కలుపుదాం. ముగ్గురం ఒకే కాల్‌లో. తెలుగు ముక్క రాకూడదు."

అలా మొదలైంది. సాయంత్రం ఆరున్నరకు అరగంట సేపు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఒకే ఫోన్లో కలిసేవి. రోజుకో విషయం శ్రీలత చెప్పేది: మా ఊరు, మా వంటిల్లు, మా బడి. జమున హైదరాబాద్ కోఠి నుంచి లావుపాటి గ్రామర్ పుస్తకం తెప్పించుకుని నెల రోజుల్లో సగం కంఠతా పట్టింది. మాట్లాడటం ఎలా ఉన్నా, తప్పులు పట్టడంలో ఆమెకు ఎదురులేకుండా పోయింది. ఆ పని ఆమెకు ఎంతో బాగుండేది. ఎవరైనా వాక్యం ఎత్తుకోగానే చెవులు నిక్కబొడుచుకుని కూర్చునేది. సువర్ణ ఒక రోజు గోంగూర వేయిస్తూ, "గోంగూర ఈజ్ క్రయింగ్ ఇన్ ఆయిల్," అంటే ముగ్గురూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. అప్పుడు కూడా క్రయింగ్ కాదు, ఫ్రైయింగ్ అని దిద్దింది జమునే.

ఆషాఢం నడుస్తుండగా ఒక బుధవారం శ్రీలత, "టుడే టాపిక్, మై హస్బెండ్," అంది. తన భర్త గురక గురించి తానే మొదలుపెట్టింది. కరెంటు స్తంభాలు ఎక్కే ఫూల్‌సింగ్ బల్లిని చూస్తే మంచం ఎక్కుతాడని జమున చెప్పింది. ఇక సువర్ణ వంతు.

అటు కుక్కర్ ఆపిన చప్పుడు వినబడింది. తర్వాత సువర్ణ నెమ్మదిగా అంది.

"మై హస్బెండ్ ఈజ్ బీట్ మీ."

శ్రీలత పకపకా నవ్వింది. "మీ టూ! ఐ యామ్ బీటింగ్ మై హస్బెండ్!"

"ఆగు శ్రీలతా," అంది జమున, నియమం మరిచి తెలుగులోనే. "సువర్ణా, ఈజ్ పక్కన బీట్ రాదు. ఇప్పుడు నడుస్తున్న పనైతే ఈజ్ బీటింగ్. రోజూ అయ్యేదైతే బీట్స్. నువ్వు చెప్పేది రోజూనా, ఇప్పుడా?"

"డైలీ," అంది సువర్ణ.

"అయితే బీట్స్. మళ్లీ చెప్పు."

"మై హస్బెండ్ బీట్స్ మీ డైలీ."

"వెరీ గుడ్," అంది జమున.

ఆ రాత్రి అన్నం తింటూ కూడా ఆమెకు ఆ మాట గుర్తుకు రాలేదు. ఇంకో రోజు సువర్ణ తనకు ఆదివారమంటే భయమని చెప్పబోయి ఫియర్ అంటే, అఫ్రైడ్ అనాలని దిద్దింది. ఆదివారానికి భయమెందుకని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

రెండు వారాల తర్వాత సువర్ణ మూడు రోజులు వరసగా ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు ఎవరో ఎత్తారు గానీ గొంతు ఆమెది కాదు.

"బిడ్డా, నేను సువర్ణ తల్లిని, సుక్కమ్మను. పిల్ల దవాఖానల ఉన్నది. మెట్ల మీదికెల్లి జారి పడ్డదంట. ఎడమ చెయ్యి ఇరిగింది."

"అయ్యో, ఏ మెట్లమ్మా?" అంది జమున.

"ఏమో బిడ్డా. అల్లుడు చెప్పిండు."

జమున సువర్ణ ఇంటికి అంతకుముందు రెండుసార్లు వెళ్లింది. వీధిలోంచి నేరుగా వాకిట్లోకి అడుగు పెట్టే కిరాయి ఇల్లు అది. మెట్టన్నది లేదు. ఫోన్ పక్కన పెట్టాక, ఆ బుధవారం సువర్ణతో తాను పలికించిన వాక్యం ముక్క పోకుండా చెవిలో పడింది. రోజూనా, ఇప్పుడా అని అడిగింది తనే. వెరీ గుడ్ అన్నదీ తనే. గిన్నెలు కడిగే చోట గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నీళ్లు అడిగినందుకు నవ్వులపాలైన పిల్ల, నోరు తెరిచి సాయం అడిగిన మనిషికి వ్యాకరణం చెప్పింది.

ఫూల్‌సింగ్ అంతా విని, వాళ్లింటి సంగతిలో తల దూర్చొద్దన్నాడు. పండ్లు తీసుకుపోయి చూసి రమ్మన్నాడు.

మరునాడు ఆదివారం. మిర్యాలగూడలో బస్సు దిగేసరికి మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన వస్తోంది. వార్డులో సువర్ణ మంచం పక్కనే ఇస్త్రీ చొక్కా వేసుకున్న శ్యాంసుందర్ కూర్చుని ఉన్నాడు. జమునను చూసి లేచి స్టూలు జరిపాడు.

"గంత దూరం నుంచి ఎందుకొచ్చిన్రు మేడం? కూసోండి."

సువర్ణ చేతికి భుజం దాకా పట్టీ ఉంది. పెదవి పక్కన పచ్చటి మచ్చ. కింద చాప మీద సుక్కమ్మ బత్తాయి ఒలుస్తోంది.

"ఎట్ల పడ్డవే?" అని అడిగింది జమున.

సువర్ణ భర్త వైపు చూసింది. ఆయనే అందుకున్నాడు. "మా ఓనర్ ఇంట్ల పూజకు పోయినం మేడం. ఆడ మెట్లు తడి ఉండె. సూసుకోలే."

ఆ మాట అంత నమ్మకంగా వచ్చేసరికి జమునకు తన అనుమానం మీదే అనుమానం వచ్చింది. మంచివాడని పేరున్న మనిషి. గంట కూర్చుంది. అంతసేపట్లో శ్యాంసుందర్ ఒక్క నిమిషం కూడా అక్కణ్నుంచి కదల్లేదు. టీ కూడా వార్డు బాయ్‌తోనే తెప్పించాడు. అప్పుడు జమున గొంతు సవరించుకుని, నవ్వు తెచ్చిపెట్టుకుంది.

"సువర్ణా, మన ప్రాక్టీస్ ఆగిపోయింది గదా. రెండు వాక్యాలు చెప్పరాదు?"

శ్యాంసుందర్ నవ్వాడు. "దవాఖానల గూడ ఇంగ్లీషేనా మేడం? కానియ్యండి."

సువర్ణ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది. పిల్లలు పద్యం అప్పజెప్పినట్టు ఎత్తుపల్లాలు లేని గొంతుతో అంది.

"ఐ డిడ్ నాట్ ఫాల్, జమునా. ఐ యామ్ నాట్ సేఫ్. బిఫోర్ గోయింగ్ హోమ్, టేక్ మీ."

శ్యాంసుందర్ తలెత్తాడు. "సేఫ్ అంటుంది. ఏంది సేఫ్?"

"సేఫ్‌గా ఇంటికి పోవాలంటుందన్నా," అంది జమున. అలా ఎలా అనగలిగిందో ఆమెకే తెలియదు. "మజ్జిగ తెస్తా, ఉండండి," అని లేచి వచ్చింది.

వరండా చివర నిలబడి శ్రీలతకు ఫోన్ చేసి, ఏడుస్తూనే సువర్ణ అన్నదంతా చెప్పింది.

"ఏడవకే. ముందు అక్కడి సిస్టర్‌కి చెప్పు," అంది శ్రీలత. "నేను నాన్నగారితో బయల్దేరుతున్నా. మేం వచ్చేదాకా దాన్ని ఇంటికి పోనివ్వకు."

డ్యూటీలో ఉన్న నర్సు వినగానే కలం కింద పెట్టింది. "మేం మొదటి రోజే అడిగినం మేడం. పడ్డ అన్నది. ఆయన పక్కకెల్లి కదలడు, ఆమె నోరిప్పది. ఏం రాస్తం చెప్పండి?" అని లేచి వార్డులోకి వెళ్లింది. సంతకాలు పెట్టాలని శ్యాంసుందర్‌ను కింది ఆఫీసుకు పంపించింది. ఆస్పత్రిలోనే ఉండే కానిస్టేబుల్‌ను పిలిపించి మంచం చుట్టూ తెర లాగింది.

తెర వెనక సువర్ణ తెలుగులోనే చెప్పింది. స్టూలు ఎత్తి కొట్టాడని చెప్పింది. ఆదివారాలు అతనికి సెలవని, రోజంతా ఇంట్లోనే ఉంటాడని చెప్పింది. మధ్య మధ్య ఏడుపుకు ఆగుతూ, మళ్లీ మొదలుపెడుతూ చెప్పింది. సుక్కమ్మ చేతిలోని బత్తాయి తొనలు చాప మీద పడిపోయాయి. ఆమె కూతురి కాళ్లు పట్టుకుని, "గిప్పుడు యాడికి పోతవే? నా ఇంట్ల నీ అన్న ఉంచుకుంటడా?" అని గొల్లుమంది.

శ్రీలత, ఆమె తండ్రి పొద్దు గూకకముందే వచ్చారు. పోలీసులు శ్యాంసుందర్‌ను తీసుకుపోయారు, మూడో రోజుకు వదిలారు. సువర్ణ కోదాడలో శ్రీలత ఇంటి పై గదిలోకి మారింది.

శ్యాంసుందర్ గరిడేపల్లి దారి పట్టి జమున బడికి వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. గేటు దగ్గర నిలబడి, పిల్లల్ని దింపడానికి వచ్చిన వాళ్లందరితో మర్యాదగా, "ఇంగ్లీషు నేర్పుతమని నా కాపురం కూలగొట్టిన్రు ఈ మేడం," అని చెప్పుకున్నాడు. ఊళ్లో ఆ మాట పాకింది. ఇంటి గొడవలు బడికి తేవద్దని హెడ్మాస్టరు తిరుపతి సార్ అన్నారు. ఫూల్‌సింగ్ వారం రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక పొద్దున బండి తీసి, బస్సు వద్దని తానే బడి దాకా దింపి, శ్యాంసుందర్ నిలబడిన చోట గంట సేపు నిలబడి వెళ్లాడు.

దసరా సెలవుల్లో జమున కోదాడ వెళ్లింది. డాబా మీద సువర్ణ ఒంటి చేత్తో బట్టలు ఆరేస్తోంది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా చాపుకోదు.

"నువ్వు చెప్పినవ్. నేను విన్లే," అంది జమున. ఆ మాట అనడానికి ఆమెకు రెండు నెలలు పట్టింది.

"విన్నవ్ గదనే," అంది సువర్ణ. "విని, తప్పు గూడ దిద్దితివి."

జమున తల దించుకుంది. "తెలుగుల ఎందుకు చెప్పలే?" అని అడిగింది.

"తెలుగుల అంటే నోరు తెరవకముందే ఏడుపొస్తది. ఇంగ్లీషుల అయితే ఎవరిదో ముచ్చట చెప్పినట్టుంటది." సువర్ణ తడి చీర కొంగు దులిపింది. "మీరు అడుగుతరేమో అనుకున్న."

"నా మీద కోపమున్నదా?"

"ఉన్నది. పోతదో లేదో నాకు తెల్వది. గా కొస పట్టు, చీర పిండాలె."

జమున కొస పట్టుకుంది. ఇద్దరూ చెరో వైపు మెలి తిప్పి నీళ్లు పిండారు.

ఆరున్నర కాల్ మళ్లీ మొదలుపెట్టాలని శ్రీలత ఒకసారి ప్రయత్నించింది. శ్రీలత, సువర్ణ ఒకే ఫోన్ ముందు కూర్చుని జమునకు కలిపారు గానీ, బాగోగులు అడగడంతోనే అయిపోయింది. రెండు నిమిషాలకు పెట్టేశారు. జమున అద్దం ముందు ఒంటరిగా మాట్లాడుకుంటోంది. బడిలో ఇంగ్లీషు కొంచెం నయమైంది. క్లాసులో ఎవరైనా తప్పుగా పలికితే మాత్రం ఆమెకు వెంటనే దిద్దబుద్ధి కాదు. ముందు ఆ పిల్ల ముఖంలోకి చూస్తుంది.

కేసు ఇప్పటికి మూడుసార్లు వాయిదా పడింది. ఇక ఏమీ అననని, రమ్మని శ్యాంసుందర్ పెద్దమనుషులతో కబురు పెడుతున్నాడు. కొన్ని రోజులు సువర్ణ ఆ కబురు గురించే ఆలోచిస్తూ అన్నం సరిగా తినదని శ్రీలత చెబుతుంది. మొన్న సుక్కమ్మ జమునకు ఫోన్ చేసింది.

"బిడ్డా, నువ్వు చెప్తే ఇంటది. పొమ్మని చెప్పరాదు?"

"నేను చెప్పనమ్మా," అంది జమున.

"మరి ఎన్నొద్దులు గిట్ల?"

అటు ముసలామె ఏడుస్తుంటే, జమున ఫోన్ పెట్టేయకుండా చివరిదాకా వింది. మిర్యాలగూడ కోర్టులో మళ్లీ పద్దెనిమిదో తారీఖు పిలుపు. ఆ రోజుకు సెలవు కావాలని మరునాడు తిరుపతి సార్ బల్ల మీద కాగితం పెట్టి, ఆయన ఏమంటాడో వినకుండానే క్లాసులోకి వెళ్లింది.